హార్డ్ డిస్క్ రికార్డర్‌లో ఉండిపోయిన ఇంటి వీడియోలను డిస్కుల్లోకి ఎక్కించుకోవడం ఎలా?

అమలాపురంలో అమ్మానాన్నల ఇంట్లో టీవీ కింద ఒక వెండిరంగు డబ్బా ఉంటుంది. 2008లో బాబాయి కువైట్ నుంచి సెలవుకు వస్తూ తెచ్చిన హార్డ్ డిస్క్ రికార్డర్ అది, అంటే వీడియోలను లోపలి హార్డ్ డిస్కులో దాచుకుని, కావాలంటే డీవీడీల మీద రాసిచ్చే యంత్రం. 160 జీబీ. దాని ప్లగ్గుకి మూడు పలక పిన్నులు, మన సాకెట్లో దూరవు. అప్పుడు కొన్న అడాప్టర్ మీదే ఇప్పటికీ నడుస్తోంది. ఆ వేసవిలో నాన్న, బాబాయి కూర్చుని ఇంట్లో ఉన్న వీహెచ్‌ఎస్ క్యాసెట్లన్నీ దాంట్లోకి ఎక్కించేశారు: అక్క ఓణీల ఫంక్షన్, తాతయ్య షష్టిపూర్తి, నా అక్షరాభ్యాసం, పిన్ని పెళ్లి. ఆ తర్వాత క్యాసెట్లకు బూజు పట్టిందని అమ్మ వాటిని పాత సామాన్లవాడికి వేసేసింది. అంటే ఇక ఆ వీడియోలు ఉన్నది ఆ డబ్బాలో మాత్రమే.

మొన్న సంక్రాంతికి వెళ్లి ఆన్ చేస్తే లోపల్నుంచి టక్, టక్ అని చప్పుడు. గుండె గుభేలుమంది. ఆ నాలుగు రోజులూ నేను చేసిన పనే ఈ వ్యాసం. మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి ఉంటే, చప్పుడు మొదలయ్యేదాకా ఆగకండి.

"హార్డ్ డిస్క్ ఊడదీసి కంప్యూటర్‌కి పెట్టేస్తే పోలా?"

అందరూ మొదట అడిగేది ఇదే. మా బావ స్క్రూడ్రైవర్ కూడా పట్టుకొచ్చాడు. పని చేయదు. ఈ రికార్డర్లలో హార్డ్ డిస్క్ విండోస్‌కి అర్థమయ్యే పద్ధతిలో రాసి ఉండదు, కంపెనీ కంపెనీకీ సొంత లెక్క. కంప్యూటర్‌కి తగిలిస్తే "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. అలవాటుగా సరే అని నొక్కారా, అంతే సంగతులు. అదే మోడల్ రికార్డర్ ఇంకొకటి తెచ్చి అందులో బిగించినా చాలాసార్లు అదీ ఫార్మాటే అడుగుతుంది. వీడియోలు బయటికి రావాలంటే దారి ఆ రికార్డర్ గుండానే. అందుకే అది బతికుండగానే పని కానివ్వాలి.

చప్పుడు వస్తున్న రికార్డర్‌ని మాటిమాటికీ ఆఫ్ చేసి ఆన్ చేయొద్దు. ముసలి హార్డ్ డిస్కుకు కష్టమైన ఘడియ మొదలవడమే. ఒకసారి ఆన్ అయిందంటే, అన్నిటికన్నా విలువైన వీడియోతో మొదలుపెట్టి వరసగా కాపీ చేసుకుంటూ పొండి. అసలు ఆన్ కాకపోతే మాత్రం ఇంట్లో ప్రయోగాలు ఆపి డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లడం మంచిది. హార్డ్ డిస్కుతో పాటు రికార్డర్ని కూడా పట్టుకెళ్లండి.

ముందు ఒక నోటుబుక్కు

రిమోట్ మీద డైరెక్ట్ నావిగేటర్ అనో, టైటిల్ లిస్ట్ అనో, డిస్క్ నావిగేటర్ అనో ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే లోపలున్న రికార్డింగులన్నీ చిన్న బొమ్మలతో వస్తాయి. ఒక్కొక్కటీ ఓ నిమిషం చూసి రాసుకోండి: అందులో ఏముంది, ఎంతసేపు, ఏ మోడ్‌లో (ఎక్స్‌పీ, ఎస్‌పీ లాంటి నాణ్యత మెట్లు, లెక్క కింద చెబుతాను) రికార్డయింది. పేర్లు పెట్టకుండా వదిలేసినవే ఎక్కువ ఉంటాయి. మా దాంట్లో సగం "ఏవీ2" అని తేదీతో ఉన్నాయి, అంతే. పైగా అందులో గడియారం ఎప్పుడూ సరిగ్గా పెట్టలేదు, ఆ తేదీలూ అబద్ధమే.

ఈ పని పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. షష్టిపూర్తి వీడియోలో తాతయ్య పక్కన నిలబడ్డ తెల్ల చొక్కా ఆయన ఎవరో నాకు తెలియదు. అమ్మ చూడగానే, "మీ తాతయ్యకి వియ్యంకుడి వరసవుతారురా, ముమ్మిడివరం" అంది. నోటుబుక్కులో ఆ పేరూ రాసుకున్నాను. పదేళ్లు పోతే చెప్పేవాళ్లు ఉండరు.

రాశాక పక్కన మార్కులు వేయండి. ఇంకెక్కడా కాపీ లేనివి ఒకటి. పెళ్లిళ్లలాంటివి రెండు, ఎందుకంటే అవతలి వియ్యాలవారి దగ్గర ఇంకో క్యాసెట్ ఉండే అవకాశం ఉంది. టీవీలో రికార్డ్ చేసుకున్న సినిమాలు, క్రికెట్ మ్యాచ్‌లు మూడు. మూడోరకం అసలు ముట్టుకోకపోయినా ఫరవాలేదు.

ఏ డిస్కు కొనాలి

ఖాళీ డీవీడీలు ఇప్పుడు మామూలు షాపుల్లో దొరకడం కష్టమే. సికింద్రాబాద్ సీటీసీలాంటి కంప్యూటర్ మార్కెట్లలోనో ఆన్‌లైన్లోనో దొరుకుతాయి. ఒకప్పుడు మన దేశంలోనే మోజర్ బేయర్ కంపెనీ గుట్టలుగుట్టలుగా తయారుచేసేది, ఆ కంపెనీ మూతబడి ఏళ్లయింది. జపాన్‌లో మంచి పేరున్న తైయో యూడెన్ కూడా 2015లో ఈ వ్యాపారం మానేసింది. కాబట్టి దొరికినప్పుడు కాస్త ఎక్కువే కొని పెట్టుకోండి. విడిగా కవర్లో అమ్మే పేరులేని డిస్కులు ఈ పనికి వద్దు. పదో పాతికో మిగులుతుందని తాతయ్య షష్టిపూర్తిని వాటి మీద పెట్టలేం కదా.

రకాల విషయానికొస్తే, డీవీడీ మైనస్ ఆర్ తీసుకోండి. ఒకసారి రాస్తే చెరగదు, దాదాపు అన్ని ప్లేయర్లలోనూ ఆడుతుంది. ప్లస్ ఆర్ కూడా మంచిదే, కానీ పాత రికార్డర్లు కొన్ని మైనస్‌నే తీసుకుంటాయి, కొన్ని ప్లస్‌నే. రికార్డర్ ముందు మూత మీద ఉండే గుర్తులు చూసి కొనండి. ఆర్‌డబ్ల్యూ చెరిపి మళ్లీ రాసుకునేది. ఒక్కటే ఒక్కటి కొనండి, మొదటి ప్రయత్నం దాని మీద చేయడానికి. డీవీడీ ర్యామ్ అనే ఇంకో రకం ఉంది, అన్నింటిలోకీ గట్టిది అదే, కానీ మామూలు ప్లేయర్లలో ఎక్కువ భాగం దాన్ని చదవవు. రెండు పొరల డిస్కులు 8.5 జీబీ పడతాయన్న మాట నిజమే, అయినా నేను వాడను. ఖరీదు ఎక్కువ, పాత ప్లేయర్లు పొర మారే చోట తడబడతాయి.

అసలు కిటుకు: హై స్పీడా, రియల్ టైమా

మన దగ్గర డబ్బింగ్ అంటే తమిళ సినిమా గుర్తొస్తుంది. ఈ రికార్డర్ల మెనూలో డబ్బింగ్ అన్నా, కాపీ అన్నా అర్థం ఒకటే, హార్డ్ డిస్క్ నుంచి డిస్కుకు ఎక్కించడం. అది రెండు రకాలు.

హై స్పీడ్ అంటే హార్డ్ డిస్కులో ఉన్నది ఉన్నట్టు డిస్కు మీదకు వెళ్లిపోతుంది. బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. రియల్ టైమ్ అంటే రికార్డర్ వీడియోని మళ్లీ ఆడించి, మళ్లీ కుదించి రాస్తుంది. రెండు గంటల వీడియోకి రెండు గంటలు పడుతుంది, బొమ్మ కాస్త పాడవుతుంది. వీహెచ్‌ఎస్ నుంచి వచ్చిన బొమ్మ అసలే అంతంత మాత్రం. దాన్ని ఇంకోసారి పిండితే చీర అంచులు, పూలజడలు అన్నీ చిన్న చిన్న గళ్లుగా విడిపోతాయి. కాబట్టి సూత్రం ఒక్కటే: వీలైనంతవరకూ హై స్పీడ్. డిస్కు ఒకటి ఎక్కువ ఖర్చయినా సరే.

ఇక్కడ లెక్క తెలియాలి. మామూలు డిస్కు 4.7 జీబీ. కంప్యూటర్ లెక్కలో అది 4.38గా కనిపిస్తుంది, మోసమేం లేదు. పానసోనిక్‌లాంటి రికార్డర్లలో ఎక్స్‌పీ మోడ్‌లో రికార్డయింది ఒక డిస్కుకి గంట పడుతుంది, ఎస్‌పీ రెండు గంటలు, ఎల్‌పీ నాలుగు, ఈపీ ఆరు లేదా ఎనిమిది. వేరే కంపెనీల్లో పేర్లు మారతాయి, లెక్క మాత్రం ఇలాగే నడుస్తుంది. మా 160 జీబీ డబ్బాలో ఎస్‌పీలో సుమారు 70 గంటలు పడుతుంది. మొత్తం నిండి ఉంటే 35 డిస్కులు కావాలన్నమాట. అంత ఉండదులెండి, మాది పద్నాలుగుతో అయిపోయింది.

పిన్ని పెళ్లి వీడియో మూడుంపావు గంటలు, ఎస్‌పీలో ఉంది. ఒక్క డిస్కులో పట్టదు. రికార్డర్ "ఒక్క డిస్కులో సరిపోయేలా కుదించనా?" అని ఆశ పెడుతుంది. వద్దనండి. రెండు ముక్కలు చేసి రెండు డిస్కుల్లో పెట్టండి. సినిమాకి ఇంటర్వెల్ ఉన్నట్టే పెళ్లికీ ఒకటి దొరుకుతుంది. నేను జీలకర్ర బెల్లం అయ్యాక కట్ చేశాను. తలంబ్రాలు, అప్పగింతలు, వాటితో పాటు ఆ వీడియోగ్రాఫర్ మనసారా వేసుకున్న గుండెకాయ గ్రాఫిక్కులు రెండో డిస్కులోకి వెళ్లాయి.

ఒక చిక్కు. కొన్ని రికార్డర్లలో "హై స్పీడ్ కాపీ కోసం రికార్డ్ చేయి" అని సెట్టింగుల్లో ఒక లైను ఉంటుంది. రికార్డ్ చేసిన రోజున అది ఆన్‌లో ఉంటేనే మైనస్ ఆర్ డిస్కుకి హై స్పీడ్ కాపీ కుదురుతుంది. ఆఫ్‌లో ఉండి ఉంటే ఇప్పుడు ఆన్ చేసినా పాత రికార్డింగులకు వర్తించదు. అలాంటప్పుడు రెండు దార్లు: రికార్డర్ ఒప్పుకుంటే డీవీడీ ర్యామ్‌కి హై స్పీడ్‌లో కాపీ చేసి, దాన్ని చదివే డ్రైవ్ ఉన్న కంప్యూటర్‌లో తీసుకోవడం ఒకటి. రియల్ టైమ్‌లోనే, కాకపోతే ఉన్నంతలో గొప్ప మోడ్‌లో, అంటే ఎక్స్‌పీలో కాపీ చేయడం రెండోది. గంటకో డిస్కు ఖర్చవుతుంది, బొమ్మ మాత్రం నిలుస్తుంది.

కత్తిరింపు పని హార్డ్ డిస్కు మీదే

డిస్కు మీద రాశాక మార్చలేం. కాబట్టి కోతలన్నీ ముందే చేసుకోవాలి. మెనూలో "పార్షియల్ డిలీట్" ఒక ముక్కను కోసేస్తుంది, "డివైడ్ టైటిల్" రెండుగా చేస్తుంది. ఈ రెండూ వెనక్కి రావు, కోసింది కోసినట్టే. మీ రికార్డర్‌లో ప్లేలిస్ట్ సదుపాయం ఉంటే అది వాడండి. అసలు రికార్డింగు జోలికి పోకుండా, కావలసిన భాగాలను మాత్రమే వరసగా చూపించే జాబితా అది. చాలా మోడళ్లలో ఆ జాబితానే నేరుగా డిస్కుకి కాపీ చేయొచ్చు.

కోత పెట్టేటప్పుడు రెండు వైపులా ఓ సెకను ఎక్కువే ఉంచండి. ఈ యంత్రాలు అన్నప్పుడు అక్కడే కోయలేవు, అర సెకను అటూ ఇటూ అవుతుంది. "అక్షింతలు వేయండి" అన్న మాటలో చివర "వేయండి" తెగిపోతే బాగోదు.

అలాగని మరీ శుభ్రంగా కోయకండి. మా అక్క ఓణీల వీడియోలో మధ్యలో కరెంటు పోతుంది. తెర నల్లబడుతుంది, కెమెరా మాత్రం బ్యాటరీ మీద ఆడుతూనే ఉంటుంది. రెండు నిమిషాలసేపు బొమ్మ లేదు. బావ దాన్ని తీసేయమన్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. చీకట్లో గాజుల చప్పుడు, ఎవరో పిల్లాడి ఏడుపు, ఆ మీదట నాన్నమ్మ గొంతు: "దీపం తెస్తున్నానుండే, కదలకండి, పీటలు తన్నుకుంటారు." ఆవిడ గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. నల్ల తెరలన్నీ చెత్త కావు. కోసే ముందు ఒకసారి వినండి.

పేర్లు కూడా ఇప్పుడే పెట్టుకోండి. రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కోవడం విసుగే, అయినా "ఏవీ2" కన్నా "షష్టిపూర్తి 1994" నయం. తెలుగు అక్షరాలు ఇందులో రావు, ఇంగ్లీషులోనే కొట్టాలి. ప్రతి ఘట్టం దగ్గరా ఒక చాప్టర్ గుర్తు పెడితే తర్వాత తిప్పుకోవడం తేలిక. అదీ ఓపిక ఉంటేనే.

కరెంటు సంగతి

రాస్తుండగా కరెంటు పోతే మైనస్ ఆర్ డిస్కు చాలావరకు పోయినట్టే. ఫైనలైజ్ (రాయడం అయ్యాక డిస్కుకి ముగింపు గుర్తులు వేయడం) చేస్తుండగా పోతే మరీ నష్టం. ఇంట్లో ఇన్వర్టర్ ఉందని ధీమా పడొద్దు. చాలా ఇన్వర్టర్లకు వెనకో పక్కనో యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో కరెంటు మారే క్షణంలో ఫ్యాను ఆగదు గానీ రికార్డర్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. ఆ స్విచ్ యూపీఎస్ వైపు ఉందో లేదో చూసుకోండి. లేదా కంప్యూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ తగిలించండి. అదీ లేకపోతే కోతలు లేని పూట చూసుకుని కూర్చోండి. మేం తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టేవాళ్లం.

ఇప్పుడు కాపీ

మెనూ పేర్లు మోడల్‌ని బట్టి మారతాయి, వరస మాత్రం దాదాపు ఇదే.

1. డిస్కును అంచులు పట్టుకుని తీసి ట్రేలో పెట్టండి. అడుగు భాగానికి వేలు తగలకూడదు. మొదటిసారైతే ఆ ఆర్‌డబ్ల్యూ డిస్కు పెట్టండి.

2. ఆర్‌డబ్ల్యూ పెడితే ఫార్మాట్ అడుగుతుంది. వీఆర్ మోడ్, వీడియో మోడ్ అని రెండు చూపిస్తే వీడియో మోడ్ ఎంచుకోండి. మామూలు ప్లేయర్లలో ఆడేది అదే. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, తెర మీద ఫార్మాట్ అవబోతున్నది డిస్కే గానీ హార్డ్ డిస్క్ కాదని రెండోసారి చదవండి. హెచ్‌డీడీ అని కనిపిస్తే వెంటనే వెనక్కి రండి.

3. ఫంక్షన్స్ లేదా హోమ్ మెనూలోంచి కాపీకి వెళ్లండి. దిశ అడుగుతుంది: హెచ్‌డీడీ నుంచి డీవీడీకి. కొన్ని రికార్డర్లలో రిమోట్ మీదే డబ్బింగ్ బటన్ ఉంటుంది.

4. రికార్డింగ్ మోడ్ దగ్గర హై స్పీడ్ ఉందో లేదో చూడండి. దానంతటదే ఎస్‌పీ అనో ఎఫ్‌ఆర్ అనో పడి ఉంటే మార్చండి. ఎఫ్‌ఆర్ అంటే డిస్కులో సరిపోయేలా కుదించే మోడ్.

5. వీడియోలను జాబితాలోకి చేర్చండి. ఒక్కొక్కటి చేర్చినకొద్దీ కింద ఒక గీత నిండుతూ వస్తుంది, పక్కన ఎంత చోటు పట్టిందో అంకె కనిపిస్తుంది. అంచుదాకా నింపకండి. డిస్కు లోపలి వలయం నుంచి బయటి వైపుకు రాసుకుంటూ వస్తుంది, చదవడంలో తప్పులు ఎక్కువగా వచ్చేది చివరి అంచు దగ్గరే. నేను పది శాతం దాకా వదిలేస్తాను.

6. స్టార్ట్ నొక్కి దాని దగ్గర్నుంచి లేచిపోండి. నిండు డిస్కు 1ఎక్స్ వేగంతో గంటకు కొంచెం తక్కువ పడుతుంది, 4ఎక్స్‌తో పావుగంట. రాస్తున్నంతసేపూ రికార్డర్‌ని కదపొద్దు, అదే టీపాయ్ మీద పిల్లల్ని ఎక్కనివ్వొద్దు.

వేగం ఎంచుకునే వీలుంటే అన్నిటికన్నా ఎక్కువ వేగం కాకుండా మధ్యది పెట్టండి. పాత లేజర్‌ని పరుగెత్తించడం దేనికి?

ఫైనలైజ్ చేయని డిస్కు తాళం వేసిన పెట్టె

మా పిన్ని కూతురు పెళ్లి వీడియో డిస్కు ఒకటి 2010లోనే బాబాయి రాసి, కొరియర్‌లో న్యూజెర్సీకి పంపాడు. అక్కడ ప్లేయర్‌లో పెడితే "నో డిస్క్". డిస్కు పాడైందని వాళ్లు, పంపేటప్పుడు బాగానే ఉందని బాబాయి, రెండు నెలలు ఫోన్ల మీద ఫోన్లు. డిస్కుకి ఏ రోగమూ లేదు. ఫైనలైజ్ చేయలేదు, అంతే. రాసిన రికార్డర్‌లోనే ఆడుతుంది, మిగతా వాటికి అది ఖాళీగా కనిపిస్తుంది.

ఫైనలైజ్ అంటే రాయడం అయిపోయిందని ముగింపు గుర్తులు వేసి, మామూలు ప్లేయర్లకు అర్థమయ్యే విషయసూచిక రాయడం. కాపీ అయ్యాక డీవీడీ మేనేజ్‌మెంట్ లేదా డిస్క్ సెటప్‌లోకి వెళ్తే ఆ మాట కనిపిస్తుంది. దానికి ముందు టాప్ మెనూ రంగు, డిస్కు పెట్టగానే మెనూ రావాలా వీడియో మొదలవ్వాలా అన్నవి ఎంచుకోవచ్చు. పెద్దవాళ్లకు ఇచ్చే డిస్కయితే నేరుగా వీడియో మొదలయ్యేలా పెట్టండి. మెనూ వస్తే అమ్మ అక్కడే ఆగిపోయి నాకు ఫోన్ చేస్తుంది.

ఫైనలైజ్‌కి కొన్ని నిమిషాలు పడుతుంది, డిస్కు ఎంత ఖాళీగా ఉంటే ఒక్కోసారి అంత ఎక్కువసేపు. అయ్యాక మైనస్ ఆర్‌లో ఇంకేమీ చేర్చలేం. అందుకే డిస్కులోకి ఎక్కాల్సినవన్నీ ఎక్కాయా అని నోటుబుక్కుతో సరిచూసుకున్నాకే నొక్కండి.

మీ దగ్గర ఇప్పటికే ఫైనలైజ్ కాని పాత డిస్కులుండి, వాటిని రాసిన రికార్డర్ చచ్చిపోయి ఉంటే ఆశ వదులుకోకండి. కంప్యూటర్‌లో ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేర్ అలాంటి డిస్కుల్లోంచి వీడియో బయటికి తీయగలదు.

ఆడిందా లేదా కాదు, చివరిదాకా ఆడిందా

రాసిన రికార్డర్‌లోనే ఆడించి చూసుకోవడం పరీక్ష కాదు. వేరే ప్లేయర్‌లో పెట్టండి. మొదట రెండు నిమిషాలు, మధ్యలో రెండు, ఆఖరి పది నిమిషాలు పూర్తిగా చూడండి. అంచు దగ్గర గళ్లు పడుతున్నా, మాట ఆగి ఆగి వస్తున్నా ఆ డిస్కు లెక్కలోకి రాదు, మళ్లీ రాయండి.

అంతకన్నా గట్టి పరీక్ష కంప్యూటర్‌లో ఉంది. డీవీడీ డ్రైవ్‌లో పెట్టి, డిస్కులో ఉన్న వీడియో టీఎస్ అనే ఫోల్డర్‌ని మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. తప్పు చూపించకుండా, మధ్యలో గంటలకొద్దీ ఆగిపోకుండా పూర్తయితే డిస్కు మీద ప్రతి మూలా చదవగలిగినట్టే. ఎలాగూ కాపీ కంప్యూటర్‌లోకి వచ్చింది కాబట్టి దాన్ని చెరపకండి, దాంతో పని ఉంది.

డిస్కుతో ఆగకండి

నిజం చెప్పాలంటే ఈ రోజుల్లో మా ఇంట్లో డీవీడీ ప్లేయర్ అమ్మకు తప్ప ఎవరికీ లేదు. డిస్కు అనేది వీడియోని రికార్డర్‌లోంచి నాణ్యత పోకుండా బయటికి తెచ్చే బండి. తెచ్చాక ఇంకో రెండు చోట్ల దించాలి.

వీడియో టీఎస్ ఫోల్డర్‌లో వీవోబీ అని ఫైళ్లు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక జీబీకి మించదు, కాబట్టి ఒకే షష్టిపూర్తి నాలుగైదు ముక్కలుగా కనిపిస్తుంది. ఇది లోపం కాదు, డీవీడీ పద్ధతే అంత. మేక్ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే వాటిని బొమ్మ చెడకుండా ఒకే ఫైలుగా కలిపి ఇస్తుంది. ఇదే మీ అసలు ప్రతి. దీన్ని బయటి హార్డ్ డిస్కులో ఒకటి, ఇంకెక్కడైనా ఒకటి పెట్టుకోండి. మా రెండో కాపీ విశాఖలో అక్క బీరువాలో ఉంది.

వాట్సాప్‌లో పంపడానికో ఫోన్‌లో చూడ్డానికో చిన్న ఫైలు కావాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. అందులో డీఇంటర్లేస్ అన్నది ఆన్ చేయడం మరవకండి. పాత వీడియోలో సెకనుకి 25 బొమ్మలుంటే ఒక్కో బొమ్మా రెండు సగాలుగా, గీత విడిచి గీతగా ఉంటుంది. అది ఆన్ చేయకపోతే ఎవరైనా చెయ్యి ఊపినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి.

అమెరికాలో చుట్టాలకు డిస్కే పంపాలనుకుంటే ఇంకో చిక్కు. మన దగ్గర, గల్ఫ్‌లో, ఇంగ్లండ్‌లో వాడుకలో ఉన్నది పాల్ పద్ధతి, 720 బై 576. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ, 720 బై 480. పాల్ డిస్కులు అక్కడి మామూలు ప్లేయర్లలో చాలావాటిలో ఆడవు. న్యూజెర్సీ డిస్కు ఫైనలైజ్ చేసి ఉన్నా బహుశా ఇక్కడ ఆగి ఉండేది. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌తో అయితే ఏ గొడవా లేదు. వాళ్లకు పెన్‌డ్రైవ్ పంపడమే సుఖం.

రికార్డర్ డిస్కు డ్రైవే చచ్చిపోతే

హార్డ్ డిస్క్ బాగానే ఉంటుంది, డిస్కు పెడితే మాత్రం "చదవలేను" అంటుంది. పాత రికార్డర్లలో చాలా మామూలు జబ్బు, లేజర్ అరిగిపోవడం. ముందు వేరే కంపెనీ డిస్కు పెట్టి చూడండి, కొన్నిటికి కొన్ని పడవు. లెన్స్ క్లీనర్ డిస్కు కూడా ఓసారి తిప్పండి. రెండింటికీ లొంగకపోతే తీగల దారి పట్టాలి.

రికార్డర్ వెనక పసుపు, ఎరుపు, తెలుపు ఏవీ సాకెట్లు ఉంటాయి. యూఎస్‌బీ క్యాప్చర్ అనే చిన్న పరికరం కొనుక్కుని, వాటిని దానికి, దాన్ని లాప్‌టాప్‌కి తగిలించండి. ఎస్ వీడియో సాకెట్ ఉంటే పసుపు తీగ బదులు అది వాడండి, రంగులు అంతగా అలుక్కుపోవు. ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, వీడియో పద్ధతి పాల్ అని, కొలత 720 బై 576, సెకనుకి 25 అని పెట్టి, రికార్డర్‌లో వీడియో ఆడిస్తూ ఇటు రికార్డ్ చేసుకోవడమే. హెచ్‌డీఎంఐ తీగతో పని అవుతుందనుకుంటే చాలాసార్లు నల్ల తెరే వస్తుంది, అందులో కాపీ రక్షణ ఉంటుంది. ఎంతసేపు వీడియో అంతసేపూ పడుతుంది. మొదటి ఐదు నిమిషాలు రికార్డ్ చేసి, ఆపి, మాట వస్తోందో లేదో విని అప్పుడు పూర్తిగా మొదలుపెట్టండి. మూడు గంటలు మూగ పెళ్లి రికార్డ్ చేసుకున్నవాణ్ణి, చెబుతున్నాను.

రాయడం, దాచడం

డిస్కు మీద బాల్ పెన్నుతో రాయకండి. డీవీడీకి ఉపయోగపడే మెత్తటి మార్కర్‌తో పై వైపు, వీలైతే మధ్యనున్న పారదర్శక వలయం మీద రాయండి. స్టిక్కర్లు అసలొద్దు, ఎండకు ఒక పక్క లేచి డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది. గట్టి డబ్బాల్లో, పుస్తకాల్లా నిలబెట్టి, ఎండ తగలని బీరువాలో పెట్టండి. కోనసీమ తేమకు ప్లాస్టిక్ సంచి కవర్లు డిస్కుకి అంటుకుపోతాయి, మా ఇంట్లో పాత సినిమా సీడీలు కొన్ని అలాగే పోయాయి. ఏడాదికోసారి ఒకటి రెండు తీసి ఆడించి చూడండి.

మా పద్నాలుగు డిస్కులూ రాసి, పరీక్షించి, రెండు హార్డ్ డిస్కుల్లోకి దించేసరికి కనుమ రాత్రయింది. రికార్డర్ ఇంకా టీవీ కిందే ఉంది, ప్లగ్గు మాత్రం తీసేశాం. లోపలున్నది చెరపలేదు. బావ దాన్ని ఓఎల్‌ఎక్స్‌లో పెట్టేద్దామంటున్నాడు, అమ్మ ఒప్పుకోవడం లేదు.